కొండ మీది పాత సర్వే గుర్తు: మ్యాపులో ఉంది, అక్కడికెళ్తే కనిపించడం లేదు

ప్రశ్న:
అంగుళానికి మైలు లెక్కన వేసిన పాత టోపో షీటులో (ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపులో) ఒక కొండ మీద చిన్న త్రిభుజం, మధ్యలో చుక్క, పక్కన ఎత్తు ఉన్నాయి. షీటు అంచుల్లోని అక్షాంశ రేఖాంశాలను బట్టి లెక్కగట్టి ఫోనులో పెడితే, చూపించిన చోట తుప్పలే ఉన్నాయి. శిఖరమేమో అక్కడికి వాయవ్యంగా సుమారు 180 మీటర్ల దూరంలో ఉంది. లెక్క తప్పా, గుర్తు పోయిందా? అసలు ఏ ఆకారం కోసం వెతకాలి?

జవాబు 1:
లెక్క తప్పు కాదండి, డేటం తేడా, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి తీసుకున్న ఆధారంలో తేడా. పాత షీట్లు ఎవరెస్ట్ 1830 గోళాభం (భూమి ఆకారానికి లెక్క కోసం తీసుకున్న నునుపైన నమూనా) మీద వేసినవి, ఫోను వాడేది జీపీఎస్‌ ఆధారమైన డబ్ల్యూజీఎస్ 84. రెంటికీ మధ్య తేడా మన దగ్గర వంద మీటర్లు దాటుతుంది.

సాఫ్ట్‌వేర్ లేకుండా సరిచేసే దారి ఉంది. కొండ చుట్టూ ఐదారు కిలోమీటర్లలో కదలని గుర్తులు మూడు తీసుకోండి: పాత గుడి, చెరువు కట్ట చివర, విడిగా నిలిచిన గుట్ట. వాగులు, రోడ్డు కూడళ్లు వద్దు, అవి జరుగుతాయి. షీటు విలువకీ ఉపగ్రహ చిత్రంలోని విలువకీ తేడా రాసుకుని, మూడింటి సగటును మీ త్రిభుజానికి కలపండి. ఆ స్కేలులో అర మిల్లీమీటరు అంటేనే నేల మీద 32 మీటర్లు. కాబట్టి సరిచేశాక కూడా 50 మీటర్ల వ్యాసార్ధంలో వెతకాల్సిందే.

షీటు అడుగున ఉన్న చిన్న అక్షరాలు తప్పక చదవండి. 19వ శతాబ్దపు కొన్ని షీట్లలో రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీకి అప్పట్లో అనుకున్న విలువ మీద ఆధారపడ్డాయి. వాటిలోంచి 2 నిమిషాలకు పైగా తగ్గించాలని అక్కడే రాసి ఉంటుంది. 2 నిమిషాలంటే 17 డిగ్రీల అక్షాంశం దగ్గర మూడున్నర కిలోమీటర్లు!

జవాబు 2:
ఆకారం గురించి. విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ (మిగతా దూరాలన్నిటికీ మూలమైన గీత) కొలవడంతో మొదలైన త్రికోణమితి సర్వేలో, కొండ మీది స్టేషనుకు (కొలతలు తీసుకున్న చోటుకు) అసలు గుర్తు రాతిలో చెక్కిన వృత్తం, దాని మధ్య చుక్క. చాలా చోట్ల దాని మీద స్తంభం కట్టి, నిట్టనిలువుగా పైన ఇంకో గుర్తు పెట్టేవారు. చుట్టూ రాళ్ల అరుగు ఉండేది కానీ స్తంభానికి తగలకుండా సందు వదిలేవారు, మనిషి అడుగుల అదురు థియోడొలైటుకు (కోణాలు కొలిచే పరికరానికి) తగలకూడదని. అందుకే కూలిపోయాక గుండ్రని రాళ్ల కుప్ప, నడుమ ఇంకో కుప్ప మిగులుతాయి.

చెక్కడం అరిగిపోతే నడిమధ్యాహ్నం కనిపించదు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు వెళ్లండి, లేదా టార్చిని రాతికి ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. నీళ్లు పోసి తుడిస్తే గాడిలో తడి నిలిచి గీత తేలుతుంది. వైరు బ్రష్షు మాత్రం వాడొద్దు.

పొలిమేర రాళ్లను, అటవీ హద్దు దిబ్బలను చూసి పొరబడేవాళ్లు ఎక్కువ. అవి గీతగా, వరుసగా సాగుతాయి. స్టేషను ఒంటరిగా, పక్క కొండల స్టేషన్లు కనిపించే చోట ఉంటుంది. అది ఒక్కోసారి అత్యున్నత బిందువు కాకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
శిఖరం మీద గుండ్రని రాళ్ల వలయం ఉంది. మధ్యలో స్తంభం లేదు, మట్టి నిండింది. ఫోను చూపే ఎత్తు షీటు కంటే 70 మీటర్లు తక్కువ. తవ్వి చూడనా?

జవాబు 1:
షీటులో ఎత్తు అడుగుల్లో ఉంటే 0.3048తో గుణించారా? గుణించాక కూడా 70 మీటర్లు తక్కువంటే అది మంచి సూచనే. కొన్ని యాప్‌లు గోళాభం మీది ఎత్తు చూపిస్తాయి. దక్షిణ భారతంలో సముద్రమట్టపు ఉపరితలం ఆ గోళాభానికి చాలా కిందుంటుంది, కాబట్టి అలాంటి యాప్‌లో ఎత్తు సుమారు 60 నుంచి 100 మీటర్లు తగ్గి కనిపిస్తుంది.

జవాబు 2:
తవ్వొద్దండి, రాళ్లు కూడా కదపొద్దు. నిధి ఉందనుకుని తవ్వినవాళ్ల వల్లే ఎన్నో స్టేషన్లు పాడయ్యాయి. మీరు చేసిన గుంట చూసి ఇంకొకరు మొదలుపెడతారు. కింది గుర్తు రాతి మీద భద్రంగా ఉండవచ్చు. వలయానికి రెండు వ్యాసాలు టేపుతో కొలిచి మధ్యబిందువు పట్టుకుని, ఫోను అక్కడ పది నిమిషాలు ఉంచి సగటు విలువ తీసుకోండి. స్కేలు పక్కన పెట్టి నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీయండి.