రాత్రి లారీ ప్రమాదాలు: రెండో డ్రైవర్‌ని మళ్ళీ తప్పనిసరి చేయాలా?

పెరంబూర్ పద్మజ:
చెన్నై తెలుగువాళ్ళలో లారీలతో సంబంధం ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారని ఇక్కడ అడుగుతున్నా. రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో ఎత్తేశారు. తెల్లవారుజామున తడ నుంచి రెడ్‌హిల్స్ వైపు బస్సులో వచ్చేవాళ్ళని అడగండి, డ్రైవరు నిద్రమత్తులో ఉండి ముందున్న లారీ గీత దాటి ఊగుతుంటే ఎలా ఉంటుందో చెప్తారు. ఆ నిబంధన మళ్ళీ తేవాలంటాను.

అంకెల ఆనంద్:
నిద్రే కారణమని ఎలా తేల్చారండీ? 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో పోయారు. కేంద్ర రవాణా శాఖ నివేదికలో నూటికి 71 మరణాలు అతివేగం కింద ఉన్నాయి. మిగతా గడులు తాగి నడపడం, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్, ఇతర కారణాలు. నిద్రకి గడే లేదు.

మాధవరం శీను:
గడి లేదు నిజమే సార్. స్టేషన్లో "కునుకు తీశావా" అని అడిగితే ఏ డ్రైవరు ఔనంటాడు? నేను డ్రైవర్నే. స్పీడు అని రాసుకుంటే అందరికీ సుఖం.

పెరంబూర్ పద్మజ:
ఆనంద్ గారూ, శ్రీపెరంబుదూర్ దగ్గర మా బాబాయి కారుని లారీ వెనకనుంచి గుద్దింది. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తే లేదు. అరవై స్పీడులో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే బండి 66 మీటర్లు దానంతట అదే పోతుంది. కోర్టులో మాత్రం అందరూ వేగం గురించే మాట్లాడారు. ఆ డ్రైవరు రెండు రాత్రులు పడుకోలేదని అతని భార్యే మా పిన్నితో చెప్పి ఏడ్చింది. ఇది ఏ గడిలో రాయాలి?

అంకెల ఆనంద్:
మీ బాబాయిగారి విషయం బాధాకరం. కానీ ఒక్క సంఘటన ఆధారం కాదు. నమోదు కాని కారణానికి చట్టం ఎలా చేస్తారు?

తడ కుర్రాడు:
ఆంధ్రాలో పోలీసులు అర్ధరాత్రి లారీలు ఆపి మొహం కడిగించి పంపిస్తారు కదా. నిద్ర సమస్యే కాకపోతే ఆ నీళ్ళెందుకో.

నెల్లూరు లారీ ఓనర్:
అందరూ చెప్పేవాళ్ళే. నాకు రెండు బండ్లు, రెండూ ఫైనాన్సులో ఉన్నాయి. రెండో డ్రైవరుకి జీతం, బత్తా ఎవరిస్తారు? క్లీనరు దొరకడమే గగనంగా ఉంది. 2018కి ముందు మాత్రం ఇద్దరుండేవాళ్ళా? కాగితం మీద ఉండేవాళ్ళు. రెండో లైసెన్సు జిరాక్సు ఒకటి పెట్టుకునేవాళ్ళం, అడిగినవాళ్ళకి మామూలు ఇచ్చేవాళ్ళం. ఇక నిద్ర సంగతి. పోయినేడు నా డ్రైవరు గుమ్మిడిపూండి దగ్గర డివైడరు ఎక్కించాడు. ముందురోజు పగలంతా పోర్టు రోడ్డులో బండి ఆగే ఉంది. రెస్టు తీసుకోవద్దని ఎవరన్నారు? సెల్‌లో వీడియోలు చూస్తూ కూర్చున్నాడు. ఇన్సూరెన్సువాళ్ళు సగం కోసేశారు. నష్టం నాది.

మాధవరం శీను:
ఆగిన బండిలో రెస్టా ఓనరు గారూ? ఒక్క మధ్యాహ్నం పోర్టుకెళ్ళే మణలి రోడ్డులో ట్రైలర్ల వరుసలో కూర్చోండి. పావుగంటకోసారి ఒక బండి జాగా కదులుతుంది. నేను కదపకపోతే వెనకోడు దూరతాడు, ఆ తర్వాత నా నంబరు ఎప్పుడొస్తుందో తెలీదు. పక్కకి వాలితే ఎవరైనా డీజిలు కొట్టేస్తారని భయం. సీటు కింద ఇంజను సెగ, మెడ మీద తడిపిన తుండు, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను వేడిగాలే తిప్పుతుంటుంది. ఏసీ క్యాబిన్ కొత్తగా తయారయ్యే బండ్లకేనట, నాది పాతది. వీడియో చూసేది కన్ను మూతపడకుండా. సాయంత్రం లోడు దించాక మీరే ఫోన్ చేసి "పగలంతా ఖాళీగానే ఉన్నావుగా, తెల్లారేసరికి విజయవాడలో ఉండు" అంటారు.

నెల్లూరు లారీ ఓనర్:
నేనన్నానా? మీ ఓనరు అన్నది నా నెత్తిన రుద్దకు. మర్యాదగా మాట్లాడు.

మోడరేటర్:
తిట్లున్న రెండు పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

పెరంబూర్ పద్మజ:
గొడవ అసలు ఈ వేచి ఉండే గంటల దగ్గర ఉందన్నమాట. రెండో డ్రైవరు దగ్గర కాదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి 8 గంటల పని, దూరప్రయాణాల్లో 10 వరకు అని ఉండేది. టెర్మినల్‌లో ఊరికే వేచి ఉండే సమయం 15 నిమిషాల లోపైతే పనిగంటల్లో కలుస్తుందని రాశారు. మరి శీను గారు గంటల తరబడి కూర్చునే వరుస? పైగా ఐదుగురికి తక్కువ పనివాళ్ళున్న చోట ఆ చట్టం వర్తించేది కాదు, అంటే ఓనరు గారి రెండు బండ్లు లెక్కలోకే వచ్చేవి కావు. తర్వాత దాన్ని 2020 కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఇంకొకటి: వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్నవాడి చురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు తేల్చారు. మన దగ్గర 0.03 దాటితేనే తాగి నడిపాడని కేసు.

అంకెల ఆనంద్:
ఊదితే ఆల్కహాల్ తెలుస్తుంది. నిద్ర తెలిసే మిషను పోలీసు దగ్గర లేదు. నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

తడ కుర్రాడు:
ఈయన్ని ఎవరైనా ఆపండి.

నెల్లూరు లారీ ఓనర్:
పద్మజమ్మా, వేచి ఉన్నదానికి హాల్టింగ్ డబ్బు నాకు లోడు ఇచ్చిన పార్టీ ఇస్తే కదా నేను డ్రైవరుకిచ్చేది. గట్టిగా అడిగితే మర్నాడు లోడు వేరేవాడికి పోతుంది. నా ఈఎంఐ ఎవరు కడతారు?

మాధవరం శీను:
పార్టీని అడగలేక మమ్మల్ని నడిపిస్తారు. అంతే కదా.

పెరంబూర్ పద్మజ:
బండి చేరిన టైము ఎల్‌ఆర్ కాపీ (సరుకు రసీదు) మీద రాయించుకోవచ్చు కదా? అదే రుజువవుతుంది.

మాధవరం శీను:
టోకెన్ ఇచ్చాకే టైము రాస్తారమ్మా. వరుసలో నిలబడ్డప్పటి నుంచి రాయమంటే గేటు సెక్యూరిటీ నవ్వుతాడు.

నెల్లూరు లారీ ఓనర్:
ఇది మాత్రం నిజం. గేటులో చేరిన టైము రాయించే ఏర్పాటు వస్తే నేనూ సంతకం పెడతా. రెండో డ్రైవరు మాత్రం నా వల్ల కాదు, ముందే చెప్తున్నా.