చూరల్‌మల విషాదం తర్వాత వయనాడ్ టూర్ వెళ్లడం సబబేనా?

బరంపురం_వాసి
డిసెంబర్ సెలవుల్లో ఇంటిల్లిపాదీ వయనాడ్ వెళ్దామనుకుంటున్నాం. రైల్లో కోజికోడ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి తామరశ్శేరి ఘాట్ ఎక్కి కల్పెట్టలో దిగాలని ఆలోచన. మా నాన్నగారు వినగానే వద్దనేశారు. 2024 జులై 30 తెల్లవారకముందే కొండ విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయి, రెండు వందల మందికి పైగా పోయారు, అలాంటి చోటికి పిల్లల్ని వెంటేసుకుని సరదాకి వెళ్తారా అంటారాయన. మా ఆవిడేమో అందరూ ఇలాగే మానేస్తే అక్కడ జీపులు తోలుకునేవాళ్లు, హోటళ్లు పెట్టుకున్నవాళ్లు ఎలా బతుకుతారు అంటోంది. ఇంట్లో తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. భయం గురించి కాదండీ, వెళ్లడం ధర్మమా కాదా అనే అడుగుతున్నాను.

రాయగడ_టీచర్
మీ నాన్నగారి మాటే నాదీ. ఆ రోజు జనం చూడ్డానికి ఎగబడుతుంటే దయచేసి రాకండి, సహాయక చర్యలకు అడ్డం పడుతోంది అని కేరళ పోలీసులే చెప్పుకోవాల్సి వచ్చింది. మన ఒడిశా నుంచి సెలవులకి వెళ్లిన డాక్టర్లు కూడా ఆ రాత్రి అక్కడ హోమ్‌స్టేలో చిక్కుకున్నారు, వాళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. పుత్తుమలలో గుర్తు తెలియని వాళ్లని పూడ్చిన చోట సమాధుల మీద పేర్లకు బదులు నంబర్లు వేశారు. శవాలు చాలియార్ నదిలో కొట్టుకుపోయి నిలంబూర్ దగ్గర తేలాయి. ఇన్ని జరిగిన జిల్లాలో మనం పిల్లలతో వాటర్‌ఫాల్స్ ముందు ఫొటోలు దిగడం నా మనసుకి ఎక్కడం లేదు. ఇల్లు పోయినవాళ్లు స్థిరపడేదాకా ఆగితే మనకి పోయేదేముంది? చూడ్డానికి మన దేవమాలి కొండ లేదా, అరకు లేదా?

గుణుపురం_తమ్ముడు
టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఒక్క మాట. మా వైపు నుంచి కేరళకి పనికెళ్లని ఇల్లు తక్కువ. మా పిన్ని కొడుకు వైతిరి దగ్గర ఒక రిసార్ట్ వంటింట్లో చేసేవాడు, అక్కడ ఒక్క గోడ కూడా పడలేదు, అయినా టీవీలో ‘వయనాడ్ విలయం’ అని రోజంతా చూపించేసరికి బుకింగ్స్ అన్నీ క్యాన్సిల్ అయిపోయి, ఓనర్ నెల జీతంలో సగం చేతిలో పెట్టి మళ్లీ పిలుస్తానని ఇంటికి పంపేశాడు. ఆ పిలుపు రాలేదు. వాడి మీద ఆధారపడ్డ పిన్నికి షుగర్ మందులు కొనడం కూడా కష్టమైపోయింది. దెబ్బ తిన్నది మేప్పాడి పంచాయతీలో మూడు వార్డులు, జిల్లా అంతా కాదు. ఎడక్కల్ గుహలు, బాణాసుర సాగర్, పూక్కోడ్ సరస్సు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మిగతా వయనాడ్ క్షేమంగా ఉంది రండి అని కేరళ టూరిజం వాళ్లు ప్రచారం చేసుకోవాల్సి వచ్చిందంటే పరిస్థితి ఆలోచించండి. మీరు ఆగడం వల్ల చూరల్‌మల వాళ్లకి ఒరిగేదేమీ లేదు, వైతిరిలో వంటవాడికి మాత్రం పని పోతుంది.

పర్లాకిమిడి_వాసి
ఇద్దరూ రెండు వేర్వేరు చోట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను 2018 తిత్లీ చూసినదాన్ని. అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తుపాను మా గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. బరఘర దగ్గర వానకి తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగిపడింది. తర్వాత మాకు రెండు రకాల జనం వచ్చారు.

మొదటి రకం కార్లలో వచ్చారు. నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. ఒకావిడ ఎగిరిపోయిన రేకు కింద నుంచి తడిసిన ధాన్యం చేత్తో తోడి గోనెపట్టా మీద పోస్తోంది, మొలకలొచ్చిన గింజలు ఏరి పక్కన పెడుతోంది. కారులోంచి ఒకతను దిగి, అమ్మా ఇటు తిరగమ్మా అని ఫోన్ ఎత్తాడు. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అతను ఇంకో వైపు నుంచి వచ్చి తీసుకున్నాడు. గింజలు కొనలేదు, మంచినీళ్లు కావాలా అని అడగలేదు, ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

రెండో రకం రోడ్లు బాగయ్యాక వచ్చారు. మహేంద్రగిరికీ, చంద్రగిరి దగ్గర జిరంగ బౌద్ధారామానికీ పోయేవాళ్లు దారిలో ఆగి టీ తాగారు, భోజనం చేశారు, అక్కడ స్థిరపడ్డ టిబెటన్ల దగ్గర మొక్కజొన్న పొత్తులు కొన్నారు, ఆటోలు మాట్లాడుకున్నారు. వాళ్లని ఎవరూ తిట్టుకోలేదు. గిరాకీ మళ్లీ మొదలైందిరా అని కొట్టువాళ్లు సంతోషించారు. పరిహారం ఎప్పుడో వస్తుంది, కొందరికి అసలు రాదు. టీకొట్టు గల్లాపెట్టెలో పడే డబ్బు ఆ పూటే పొయ్యి వెలిగిస్తుంది.

అందుకని బరంపురం తమ్ముడూ, వయనాడ్ వెళ్లు. చూరల్‌మల వైపు మాత్రం బండి తిప్పకు. అక్కడ సైన్యం ఇనుప భాగాలు బిగించి వేసిన 190 అడుగుల బెయిలీ వంతెన చూసొద్దామని ఏ డ్రైవరైనా అన్నా వద్దని చెప్పు.

రాయగడ_టీచర్
అక్కా, మీరు చెప్పిన రెండో రకం మీద నాకు పేచీ లేదు. కానీ టీకొట్టుకీ కొండవాలు మీద కట్టిన రిసార్ట్‌కీ తేడా ఉంది కదా. పశ్చిమ కనుమల పర్యావరణం మీద వేసిన మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లోనే మేప్పాడిని పర్యావరణపరంగా సున్నితమైన చోట్లలో చేర్చింది. 2019 ఆగస్టులో ఆ పక్కనే పుత్తుమలలో కొండ విరిగి 17 మంది పోయారు. అయినా వాలు మీద కట్టడాలు ఆగలేదు. మనం వెళ్లి రూము తీసుకుంటే ఆ వాలు మీద ఇంకో నాలుగు గదులు లేపడానికి డబ్బిచ్చినట్టే. మా రాయగడ జిల్లాలో కొండలు తవ్వేస్తుంటే అడ్డుపడిన ఊళ్లున్నాయి, వాళ్ల మధ్య బతుకుతూ అక్కడి కొండని ఇంకొకలా చూడలేను. డబ్బు ఎవరికి అందుతుందో తేల్చకుండా ‘వెళ్లి ఆదుకోండి’ అంటే ఎలాగ?

జయపురం_రైడర్
ఆ ప్రశ్న సరైనదే, జవాబు కూడా ఉంది. వాలు మీద, వాగు ఒడ్డున ఉండే వ్యూ పాయింట్ హోమ్‌స్టేలు వదిలేసి కల్పెట్ట టౌన్‌లో గానీ సుల్తాన్ బత్తేరి టౌన్‌లో గానీ ఇంటివాళ్లే నడుపుకునే లాడ్జి చూసుకోండి. యాప్‌లో కాకుండా నేరుగా ఫోన్ చేసి మాట్లాడుకుంటే కమిషన్ పోకుండా మొత్తం వాళ్లకే మిగులుతుంది. లోకల్ జీపు పెట్టుకోండి. మనకి గండం అక్టోబర్, వాళ్లకి జూన్ నుంచి సెప్టెంబర్. ఆ నెలల్లో ఎవరు ఎంత ఆఫర్ ఇచ్చినా వెళ్లకండి. 2025 ఆగస్టులో కూడా తామరశ్శేరి ఘాట్‌లో రాళ్లు పడి దారి మూసుకుపోయింది. డిసెంబర్‌లో ఆ టెన్షన్ లేదు.

బరంపురం_వాసి
అందరికీ థాంక్స్. పర్లాకిమిడి అక్క రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. కల్పెట్టలో ఉండటానికి ఒప్పుకున్నారు, కానీ కొత్త మెలిక పెట్టారు. వెళ్తే పుత్తుమల వెళ్లి ఆ సమాధుల దగ్గర నమస్కారం పెట్టుకుని రావాల్సిందే, అక్కడికి పోకుండా తిరిగి రావడం ఇంకా తప్పు అంటున్నారు. ఇప్పుడు దీనికేం చెప్పను?

గుణుపురం_తమ్ముడు
పెద్దాయన నమస్కారానికి వెళ్తానంటే ఫొటోలకి వెళ్లినట్టు ఎలా అవుతుందన్నా? తీసుకెళ్లు.

రాయగడ_టీచర్
ఆయన మనసు మంచిదే. కానీ అక్కడ ఏడ్చేవాళ్లకి ఈయన నమస్కారానికి వచ్చాడో చూడ్డానికి వచ్చాడో ఎలా తెలుస్తుంది? నాకైతే ఇది కూడా వద్దనిపిస్తోంది. పిల్లల్ని మాత్రం అస్సలు తీసుకెళ్లకండి.

పర్లాకిమిడి_వాసి
దీన్ని మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. కల్పెట్టలో దిగాక లాడ్జి వాళ్లనే అడుగు, మేప్పాడి మనిషి ఎవరైనా తెలిసి ఉంటారు. ఇల్లు పోయినవాళ్ల కోసం కల్పెట్టలోనే ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో టౌన్‌షిప్‌కి 2025 మార్చిలో శంకుస్థాపన చేశారు, కాబట్టి వాళ్ల సంగతి తెలిసినవాళ్లు ఆ ఊళ్లో దొరుకుతారు. వాళ్లు రమ్మంటే నాన్నగారిని తీసుకుని నువ్వు ఒక్కడివే వెళ్లు. వద్దంటే ఆయనకి అక్కడే సర్దిచెప్పు. టికెట్లు మాత్రం ఇప్పుడే తీసుకో తమ్ముడూ, డిసెంబర్‌లో శబరిమల రద్దీకి కేరళ రైళ్లలో బెర్తులు దొరకవు.