వారెంటు లేకుండా ఇంట్లోకి వచ్చి అరెస్టు చేయవచ్చా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
గత వారం తెల్లవారుజామున నలుగురు పోలీసులు మా ఇంటికి వచ్చి, తలుపు తీయగానే లోపలికి ప్రవేశించి, చీటింగ్ కేసు ఉందంటూ మా బావగారిని తీసుకువెళ్లారు. వారెంటు చూపమని అక్క అడిగితే అక్కర్లేదన్నారు. బీరువా తెరిపించి వెతికి, ల్యాప్‌టాప్ కూడా పట్టుకుపోయారు. అంతకుముందు ఏ నోటీసూ రాలేదు. మరునాడు కోర్టులో బెయిలు దొరికింది. అయినా, వాళ్లు అలా రావడం చట్టబద్ధమేనా?

సమాధానం 1 (గుంటూరు):
ముమ్మాటికీ చట్టవిరుద్ధం. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. వారెంటు లేనిదే పోలీసులు గడప దాటకూడదు.

సమాధానం 2 (న్యాయవాది, విజయవాడ):
పై మిత్రుల ఆవేదనతో ఏకీభవిస్తాను గానీ, ఇంట్లో అరెస్టుకు వారెంటు ఉండాలన్నది అమెరికా సుప్రీంకోర్టు 1980లో పేటన్ కేసులో పెట్టిన నియమం. మన దగ్గర 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన, అరెస్టులు, సోదాల పద్ధతి చెప్పే చట్టం) 44వ సెక్షన్ ప్రకారం, అరెస్టు చేసే అధికారం ఉన్న పోలీసు అధికారి, ఆ మనిషి లోపల ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే, వారెంటు లేకున్నా తలుపు తీయమనవచ్చు. తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పి అడిగినా తీయకపోతే పగలగొట్టవచ్చు కూడా.

మీ కేసులో బలమైన ప్రశ్న వేరే ఉంది: అసలు అరెస్టు చేసే అధికారం వారికి అప్పటికి వచ్చిందా? చీటింగ్‌కు గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అంతవరకు శిక్ష ఉన్న నేరాల్లో, పారిపోతాడనో సాక్ష్యాలు చెరిపేస్తాడనో తగిన కారణం రాతపూర్వకంగా నమోదు చేస్తేనే 35వ సెక్షన్ కింద అరెస్టు చెల్లుతుంది. అరెస్టు అవసరం లేనప్పుడు, పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో మనం ఇప్పటికీ 41ఏ అని పిలుచుకునే హాజరు నోటీసు ఇవ్వాలి. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేశ్ కుమార్ తీర్పు ఈ విషయంలో పోలీసులనే గాక, యాంత్రికంగా రిమాండు విధించే మెజిస్ట్రేట్లను కూడా హెచ్చరించింది. అందువల్ల రిమాండు రిపోర్టు నకలు తీసుకుని, అందులో మీ బావగారికి వర్తించే కారణాలే ఉన్నాయో, ఏ కేసుకైనా అతికే అచ్చు వాక్యాలున్నాయో చూడండి. అరెస్టు మెమోపై కుటుంబ సభ్యులో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షిగా సంతకం చేశారా? అరెస్టు కారణాలు ఆయనకు అర్థమయ్యే భాషలో రాసి ఇచ్చారా? అలా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సమాధానం 3 (పటమట):
సోదా సంగతి వేరుగా చూడాలి. అదే సంహిత 185వ సెక్షన్ ప్రకారం వారెంటు లేని సోదాకు ముందే కారణాలు రాయాలి, సోదాను వీడియో తీయాలి, ఆ నమోదు ప్రతిని 48 గంటల్లో మెజిస్ట్రేటుకు పంపాలి. అయితే సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన సాక్ష్యం దానంతటదే చెల్లకుండా పోదని 1973లో సుప్రీంకోర్టు పూరన్‌మల్ తీర్పులో చెప్పింది. ఆ ఆశ పెట్టుకోవద్దు. ముందు మీ అపార్టుమెంటు సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే కాపీ చేయించి, పోలీసులు ఎన్ని గంటలకు వచ్చారో, ఎన్నింటికి తీసుకువెళ్లారో అరెస్టు మెమోలోని సమయంతో పోల్చి మీ వకీలుకు ఇవ్వండి.