బోర్లా పడింది అంటే పడిపోయిందని కాదు! పాకు, దోగాడు, అంబాడు, దేకు... మీ ఇంట్లో ఏమంటారు?

మొదటి టపా

మొన్న ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో చిన్న గందరగోళం జరిగింది. మా పెద్ద తమ్ముడి కూతురికి ఐదో నెల. మా అమ్మ పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెట్టింది: "బుజ్జితల్లి ఇవాళ బోర్లా పడిందర్రా!" నాగపూర్‌లో పుట్టి పెరిగిన మా చిన్న మరదలు అది విని నాకు ఫోన్ చేసింది. "వదినా, ఎక్కణ్ణుంచి పడింది? దెబ్బ తగిలిందా?" అంది. నేను సర్దిచెప్పేలోపే అమ్మకు కూడా చేసిందట. అమ్మ తాపీగా "పడితే మంచిదేనమ్మా, బొబ్బట్లకి పప్పు నానేశాను" అందట. ఆ పిల్ల టెన్షన్ ఇంకా పెరిగింది.

నవ్వుకున్నాం గానీ, తర్వాత ఆలోచిస్తే ఆమె తప్పేమీ లేదనిపించింది. వెల్లకిలా పడుకున్న పసిబిడ్డ మొట్టమొదటిసారి తనంతట తాను చేసే ప్రయాణం అది, మహా అయితే జానెడు దూరం. దానికి మనం పెట్టుకున్న క్రియ 'పడు'. "బోర్లా తిరిగింది" అనొచ్చు, ఎవరూ అనరు. గిన్నెనైతే బోర్లిస్తాం, బిడ్డ మాత్రం బోర్లా పడుతుంది. పెద్దవాళ్ళు పడితే బొక్కబోర్లా పడతారు, దానికి బొబ్బట్లు ఎవరూ చెయ్యరు.

ఇక నా అసలు సందేహం. మా బాబుకి తొమ్మిదో నెల. నెల్లాళ్ళుగా ఇల్లంతా వాడిదే. మా అమ్మది తెనాలి వైపు. పొట్టని నేలకి ఆనించి ఈడ్చుకుంటూ వెళ్తే 'పాకడం', మోకాళ్ళ మీద లేచి చేతులు వేసుకుంటూ వెళ్తే 'దోగాడడం' అంటుంది. మా అత్తగారిది కడప. ఆవిడకి రెండూ 'అంబాడడమే'. "వాడు అంబాడతా అంబాడతా వంటింట్లోకి వచ్చేసినాడు చూడు" అంటారు. బ్రౌన్ నిఘంటువు తీస్తే దోగాడు, అంబాడు రెండూ కనిపించాయి, అంటే ఇద్దరూ గెలిచినట్టే. మీ ఇళ్ళల్లో పాకడానికీ దోగాడడానికీ ఈ తేడా ఉందా?

నాకు తోచిన మాట ఒకటి చెప్పి ఆపుతాను. దోగాడు, అంబాడు, పారాడు, తారాడు, తిరుగాడు, నడయాడు... వీటన్నిటి చివరా 'ఆడు' ఉంది. పాకు అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడం. పాము పాకుతుంది, తీగ పాకుతుంది, పుకారు పాకుతుంది. 'దోగాడు' అన్నప్పుడు మాత్రం పిల్లవాడు ఎక్కడికీ చేరక్కర్లేదు. అటు నాలుగు బారలు, ఇటు రెండు బారలు, మధ్యలో ఆగి వెనక్కి తిరిగి మన మొహం చూసి ఒక నవ్వు. ఆ పద్ధతంతా ఈ మాటలో ఉందని నాకనిపిస్తుంది.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

మా ఇంట్లో ఇంత వివరం లేదండీ. పొట్ట మీదైనా మోకాళ్ళ మీదైనా పాకడమే. దోగాడడం పుస్తకాల్లో చదివాను గానీ మా నాయనమ్మ నోట ఎప్పుడూ వినలేదు. మీ 'ఆడు' సిద్ధాంతానికి ఒక అడ్డుపుల్ల: పోట్లాడు, కొట్లాడు, వీటిలో ఆట ఎక్కడుంది?

జవాబు (కరీంనగర్ నుంచి)

మా దిక్కు 'పాకుడు', 'దేకుడు' అంటరు. "పిలగాడు పాకుడు మొదలువెట్టిండు" అని నేను ఆఫీసుల చెప్తే, మా రాజమండ్రి దోస్తు "బాత్రూమ్ బ్లీచింగ్ వేసి కడగండి" అన్నడు. వాళ్ళకు పాకుడంటే నాచట!

దేకుడు వేరే. కూసున్నకాడ కూసోనే, ఒక కాలు ముందు పెట్టి పిర్రల మీద జరుగుతరు. మా బిడ్డ అసలు పాకనే లేదు, సీదా దేకింది, ఆ తర్వాత నడిచింది. అప్పుడు మేం శానా పరేషాన్ అయినం.

జవాబు (విశాఖ నుంచి, పిల్లల వార్డులో నర్సు)

దేకే పిల్లల అమ్మానాన్నలు మా దగ్గరికి రోజూ వస్తారు. డాక్టర్లు దాన్ని 'బాటమ్ షఫ్లింగ్' అంటారు. దేకడం అన్న మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉందని చెబితే వాళ్ళ మొహంలో సగం భయం పోతుంది. మన అమ్మమ్మలు పేరు పెట్టారంటే అంతకుముందూ పిల్లలు అలా తిరిగారనే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక అధ్యయనం వెలువరించింది. పిల్లల కదలికల మీద ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో చేశారు. అందులో చేతులూ మోకాళ్ళ మీద పాకడం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని తేలింది. నూటికి నలుగురికి కాస్త పైగా, 4.3 శాతం మంది, మోకాళ్ళ మీద పాకనే లేదు. ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలల దాకా గడువుంది. పక్కింటి పిల్లతో పోల్చుకుని కంగారు పడకండి. ఒక పక్క కాలూ చెయ్యే వాడుతూ రెండో పక్కని ఈడ్చుకుంటుంటే, లేదా వచ్చిన పని మళ్ళీ పోతుంటే మాత్రం వెంటనే చూపించండి.

మొదటి టపా రాసినామె

శ్రీకాకుళం వారికి: పోట్లాడు, కొట్లాడులో ఆట లేకపోయినా రాకపోకలు ఉన్నాయి కదండీ. నువ్వొకటి అంటే నేనొకటి. ఊగిసలాడు, కదలాడు, తచ్చాడు, ఇవన్నీ ఒక్కసారితో అయిపోయే పనులు కావు. అటూ ఇటూ, మళ్ళీ మళ్ళీ. 'ఆడు' అంటే మొదట కదలడమే అనుకుంటాను. గాలి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, పిండిమర ఆడుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పోయిన బుధవారం కుక్కర్ మూడో విజిల్‌కి స్టవ్ కట్టేసి వచ్చాను, అర నిమిషం కూడా పట్టలేదు. చాప మీద బాబు లేడు. మంచం కింద లేడు, తలుపు వెనక లేడు. బాత్రూమ్ తలుపు ఓరగా తీసి ఉంది, లోపల బకెట్ నిండా నీళ్ళు. బకెట్ అంచు పట్టుకుని లేచి నిలబడి, వంగి నీళ్ళలోకి చెయ్యి పెడుతున్నాడు. అప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాడికి మాత్రం నాలుగూ బ్రహ్మాండంగా ఆడుతున్నాయి.

ఎత్తుకున్నాక చూస్తే, వాడు మొట్టమొదటిసారి తనంతట తాను లేచి నిలబడిన రోజు అది. ఏడవాలో, అందరికీ ఫోన్ చేసి చెప్పాలో తెలియలేదు. రెండూ చేశాను. ఇప్పుడు మా ఇంట్లో బకెట్లన్నీ బోర్లించే ఉంటాయి.

జవాబు (తిరుపతి నుంచి, రిటైరైన సంస్కృతం మాస్టారు)

అమ్మా, నీ బకెట్ సంగతి చదివాక భాగవతంలో శ్లోకం గుర్తొచ్చింది. దశమ స్కంధం ఎనిమిదో అధ్యాయంలో బలరామకృష్ణులు గోకులంలో పాకుతారు. అక్కడ వ్యాసుడు "జానుభ్యాం సహ పాణిభ్యాం రింగమాణౌ" అంటాడు. మోకాళ్ళతో, చేతులతో. కాబట్టి మీ తెనాలి లెక్కలో అది దోగాడడమే, పాకడం కాదు.

కొన్ని శ్లోకాల తర్వాత వసంతతిలక వృత్తంలో ఇది వస్తుంది:

శృంగ్యగ్నిదంష్ట్ర్యసిజలద్విజకంటకేభ్యః
క్రీడాపరావతిచలౌ స్వసుతౌ నిషేద్ధుమ్
గృహ్యాణి కర్తుమపి యత్ర న తజ్జనన్యౌ
శేకాత ఆపతురలం మనసోఽనవస్థామ్

కొమ్ములున్న పశువులు, నిప్పు, కోరలున్న జంతువులు, కత్తి, నీళ్ళు, పక్షులు, ముళ్ళు. వీటి దగ్గరికి పోకుండా పిల్లల్ని ఆపలేకపోయారు. అటు ఇంటి పనీ చేసుకోలేకపోయారు. ఆ ఇద్దరు తల్లుల మనసు ఒక్క చోట నిలవలేదు. ఇంతే అర్థం. మొదటి పాదమంతా ఒక్క సమాసం, ఊపిరి తీసుకోవడానికి సందు లేదు. ఆ తల్లికీ అంతే కదా.

ఈ పిల్లలకి వేసిన విశేషణాలు రెండే: క్రీడాపరౌ, అతిచలౌ. ఆటే లోకం, క్షణం నిలవరు. నీ 'ఆడు'లోనూ ఆ రెండే ఉన్నాయి, ఆటా కదలికా.

మొదటి టపా రాసినామె

మాస్టారూ, నమస్కారం. ఆ పట్టిక చదువుతుంటే మా ఫ్లాట్ కళ్ళముందు కనిపించింది. నిప్పు, కత్తి, నీళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మా అత్తగారి కత్తిపీట ఇన్నాళ్ళూ నేలమీదే ఉండేది, పోయిన వారమే అటకెక్కింది. కొమ్ములూ కోరల చోట ప్లగ్ పాయింట్లూ, బటన్ బ్యాటరీలూ వచ్చాయి.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది చివరి మాట. మనం తెలుగులో "వీడితో నా అవస్థ చెప్పలేను" అంటాం. సంస్కృతంలో అవస్థ అంటే ఊరికే స్థితి, అంతేనా? తెలుగులోకి వచ్చాక అది కష్టం అయిపోయింది. అక్కడ యశోద పడింది 'అనవస్థ', ఇక్కడ నేను పడుతున్నది 'అవస్థ'. మాటలు చూస్తే ఒకదానికొకటి వ్యతిరేకం, పడేది మాత్రం ఒకటే పాట్లు!

జవాబు (తిరుపతి మాస్టారు)

అంతేనమ్మా. బాల్యావస్థ, వృద్ధావస్థ అన్నప్పుడు పాత అర్థం మిగిలే ఉంది. విడిగా అంటే మాత్రం కష్టమే. 'గతి' కూడా అంతే. అసలు అర్థం నడక, "నాకు ఏమిటీ గతి" అంటే ఏడుపు.

జవాబు (ఏలూరు నుంచి)

అంబాడు అన్నది 'అంబా' నుంచి వచ్చి ఉంటుంది. ఆవుదూడలా నాలుగు కాళ్ళ మీద అంబా అంటూ ఆడడం.

జవాబు (కడప నుంచి)

దూడ పుట్టిన కాసేపటికే లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటుందబ్బా, మోకాళ్ళ మీద తిరగదు. మా పిల్లోడు అంబాడేటప్పుడు అంబా అనడు, "తాతా" అంటాడు. వేరే వ్యుత్పత్తి చూడు!

జవాబు (డల్లాస్ నుంచి)

మా పాప నడిచిన రోజు అమ్మ వీడియో కాల్లో "అడుగులకి అరిసెలు" అంది. ఇక్కడ కొత్త బియ్యం తడిపి పిండి కొట్టేదెవరు, ఇండియన్ స్టోర్లో ప్యాకెట్ అరిసెలు కొని పాప చుట్టూ పెట్టాం. అది వాటి మీద అడుగేసింది. అది ఆచారమా, ప్రమాదమా తెలియదు.

నా ప్రశ్న వేరే. తప్పటడుగు అంటే పిల్లల అడుగా, పెద్దవాళ్ళ పొరపాటా?

మొదటి టపా రాసినామె

రెండూ. తప్పు, అడుగు కలిస్తే మధ్యలో 'ట' వస్తుంది. చిగురుటాకులో వచ్చినట్టే, బళ్ళో టుగాగమం అని చెప్పారు కదా. అలా తప్పుటడుగు, నోట్లో నలిగి తప్పటడుగు. నా చెవికి "తప్పటడుగులు" అని బహువచనంలో వింటే పసివాడే గుర్తొస్తాడు, "తప్పటడుగు వేశాడు" అంటే ఎవరో పెద్దమనిషి పరువు పోయినట్టుంటుంది. ఒక్కటే వేస్తే నేరం, వరసగా వేస్తే ముద్దు!

తినుబండారాల లెక్క మా అమ్మది ఇదీ: బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. మా అత్తగారు ఈ లిస్టు విని "అంబాడితే ఏం చేస్తారు మరి?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. మొదటి అక్షరం కలవాలి కదా, చివరికి అంబలి అన్నాడు మా ఆయన. ఆవిడ ఇంకా మాట్లాడటంలేదు.

లిస్టులో గడప దాటడం ఉండటం నాకు నచ్చింది. మా పుట్టింట్లో గడప జానెడు ఎత్తు. పాకే పిల్లకి అదే కొండ. రెండు చేతులూ అవతల వేసి, పొట్ట గడప మీద ఆన్చి, కాసేపు అటూ ఇటూ ఊగి, అవతలికి దొర్లడం... దానికి గారెలు చెయ్యాల్సిందే. మా హైదరాబాద్ ఫ్లాట్‌లో గడపలు లేవు, ఒక్క బాత్రూమ్‌కి తప్ప. అంటే మా వాడు గడప దాటింది ఆ బుధవారమే. గారెలు ఎవరికీ గుర్తు రాలేదు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

ఇంకో మాట వదిలేశారు. 'ఎగబాకు'. ఎగ, పాకు కలిసి పకారం బకారమైంది. మా మనవడు పాకడం మానేసి ఇప్పుడు ఎగబాకుతున్నాడు. సోఫా మీద నుంచి కిటికీ ఊచల దాకా వచ్చాడు. దిగడం రాదు, పైనుంచి కేకలేస్తాడు.

జవాబు (కరీంనగర్ నుంచి)

కాళ్ళొచ్చినయ్ అనరా మీరు? "మా పిలగానికి కాళ్ళొచ్చినయ్" అంటే నడుస్తుండని. వస్తువు పోతే కూడా గదే మాట, "నా పెన్నుకు కాళ్ళొచ్చినయ్" అంటం.

మొదటి టపా రాసినామె

అంటాం, అంటాం! మా ఇంట్లో ఇప్పుడు రెండర్థాలూ ఒకేసారి నడుస్తున్నాయి. వీడికి కాళ్ళు వస్తున్నకొద్దీ టీవీ రిమోట్‌కి, మా ఆయన బైక్ తాళానికి, నా కళ్ళజోడు పెట్టెకి కూడా కాళ్ళొచ్చాయి. నిన్న రిమోట్ బియ్యం డబ్బాలో దొరికింది. తాళం ఇంకా దొరకలేదు. ఈ టపా రాస్తున్నంతసేపూ వాడు నా కాలి దగ్గరే ఉన్నాడనుకున్నాను. ఒక చెప్పు మాత్రం ఉంది. ఉండండి, చూసొస్తాను.