ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కథల పుస్తకాలు ఇవ్వాలనుకుంటున్నాం, ఇదివరకు ఇచ్చినవారు సలహా చెప్పగలరు

అలిపిరి వీధి నివాసి:

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో మా వీధిలోని పద్నాలుగు కుటుంబాల వాళ్ళం నెలనెలా కొంత పోగుచేసుకుని, ఏటా జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో ఒకటి రెండు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు నోటుపుస్తకాలూ పలకలూ ఇస్తూ వచ్చాం. పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, సంచి, బూట్లు అన్నీ కిట్టుగా ప్రభుత్వమే ఇస్తున్నందువల్ల మేమిచ్చేవి అదనమే అవుతున్నాయని నిరుడు ఒక ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగానే అయినా స్పష్టంగా చెప్పారు. మరి బడిలో లేనిదేమిటని అడిగితే, చిన్న తరగతుల పిల్లలు తమంతట తాము చదువుకోగల కథల పుస్తకాలు ఒక్కటీ లేవన్నారు. ఆ మాట మా అందరి మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు మా దగ్గర 38,000 రూపాయలున్నాయి. చంద్రగిరి వైపు రెండు బడులను అనుకున్నాం. రెండింటిలోనూ కలిపి డెబ్బై మంది లోపు పిల్లలుంటారు. ఎలాంటి పుస్తకాలు కొనాలి, ఎక్కడ దొరుకుతాయి, ఇచ్చాక అవి బీరువాలో పడిపోకుండా ఏం చేయాలి? ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ పని చేసినవారు తమకు ఎదురైన పొరపాట్లతో సహా చెబితే మాకు మేలు చేసినవారవుతారు.

విశ్రాంత ఉపాధ్యాయిని, పలమనేరు:

అయ్యా, ముప్పై ఏళ్ళకు పైగా ఎక్కువగా ఒకటో తరగతికే పాఠం చెప్పినదాన్ని కనుక మీ ప్రశ్న చూడగానే చాలా సంతోషం కలిగింది. కొంచెం వివరంగానే రాస్తాను.

మా బడికి ఒకసారి ఒక సంఘంవారు రెండు వందల పుస్తకాలు ఇచ్చారు. మనసు మంచిదే, డబ్బూ బాగానే ఖర్చు పెట్టారు. కానీ అట్టపెట్టెలు విప్పి చూస్తే మహనీయుల జీవిత చరిత్రలు, సూక్తుల సంకలనాలు, పోటీ పరీక్షలకు పనికివచ్చే సాధారణ విజ్ఞానం పుస్తకాలు ఉన్నాయి. మా బడిలో అయిదో తరగతి దాటిన పిల్లవాడే లేడు. ఒకటో తరగతి పాప ఒకతె ఆ పుస్తకాల్లో ఒకదాన్ని ఎంతో ఆశగా తీసుకుని, బొమ్మ కోసం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పేజీలు తిప్పి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తెలుగు చదవడం నేర్చుకునే పిల్లలు మొదట అక్షరాలు, తరువాత గుణింతం, ఆ పైన ‘అక్క’, ‘అమ్మ’ వంటి ద్విత్వాలు, చివరికి ‘రాజ్యం’, ‘పుస్తకం’ వంటి సంయుక్తాక్షరాలు పట్టుకుంటారు. ‘ఆవు మేత మేసింది’ అన్న వాక్యాన్ని రెండో తరగతి బిడ్డ కూడబలుక్కుని చదివి, అర్థం కాగానే తలెత్తి నవ్వుతుంది. అదే బిడ్డ చేతికి పొడవైన సమాసాలున్న వాక్యం ఇస్తే, ఒక్కొక్క ఒత్తునూ విప్పుకుంటూ చివరికి చేరేసరికి మొదటి మాట మరిచిపోతుంది. చదవడం కష్టమన్న భావం ఆ వయసులో ఒకసారి పడితే దాన్ని పోగొట్టడానికి ఏళ్ళు పడుతుంది. అందువల్ల పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, కథను సగం తానే చెప్పే బొమ్మ ఉన్న పుస్తకాలే ఎక్కువగా కొనండి. మూడో తరగతి వరకు ఇదే కొలత.

ఇక బీరువా సంగతి. టీచర్లకు శ్రద్ధ లేక తాళం వేస్తారని చాలామంది దాతలు అనుకుంటారు. నిజానికి బడికి వచ్చిన ప్రతి వస్తువునూ స్టాక్ రిజిస్టరులో రాయాలి, బదిలీ అయినప్పుడు తరువాత వచ్చేవారికి లెక్క ప్రకారం అప్పజెప్పాలి. పుస్తకం చిరిగినా పోయినా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందన్న భయమే ఆ తాళం వేయిస్తుంది. మేము చేసిన ఉపాయం ఏమిటంటే, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో, పిల్లల వాడకంలో చిరిగిన, పోయిన కథల పుస్తకాలను అరుగుదలగా భావించి ఏడాదికొకసారి లెక్క నుంచి తొలగించాలని తీర్మానం రాయించుకున్నాం. ఆ ఒక్క కాగితంతో బీరువా తలుపు తెరుచుకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఆ కమిటీ ఉండాలి. అదే చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలనీ ఉంది. కాబట్టి మీరు అడిగేది అదనపు కోరిక కాదు.

ఇంకొక్క మాట. పుస్తకాలు ఏప్రిల్‌లో ఇవ్వకండి. పరీక్షలు, వెంటనే సెలవులు. జూన్ 12న బడి తెరిచేసరికి చెదలు పట్టిన కట్టను నేను చూశాను. జూలై మంచి నెల.

కుప్పం నుంచి ఒక తండ్రి:

అమ్మ చెప్పినదానికి మా సరిహద్దు మండలాల సంగతి ఒకటి చేరుస్తాను. మా పక్క చాలా ఇళ్ళలో తమిళం, కొన్ని ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. పిల్లవాడు ఇంట్లో ఒక భాష, ఆటల్లో ఇంకొకటి, పాఠంలో మరొకటి మోస్తూ ఉంటాడు. మా పూర్వ విద్యార్థుల బృందం మొదట ఇంగ్లీషు పుస్తకాలే కొన్నది, ఎందుకంటే తల్లిదండ్రులు అవే అడిగారు. పిల్లలు బొమ్మలు చూసి వదిలేశారు. మరుసటి ఏడు ఒకే కథ ఒక పేజీలో తెలుగులోనూ ఎదుటి పేజీలో ఇంగ్లీషులోనూ ఉన్న పుస్తకాలు తెచ్చాం. మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు కూడా అదే పద్ధతిలో వస్తున్నాయి కనుక పిల్లలకు కొత్త అనిపించలేదు. మీ చంద్రగిరి బడుల్లో ఏ భాషల పిల్లలున్నారో కొనేముందే కనుక్కోండి. సత్యవేడు, నగరి ప్రాంతాలవారైతే ఇది తప్పనిసరి.

గ్రంథాలయంలో పనిచేసి విరమించినవాడు, చిత్తూరు:

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిది పుస్తకాలు ఉపయోగం కోసమేనన్నది. రెండోది ప్రతి పాఠకునికీ తన పుస్తకం దొరకాలన్నది. మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది. మా ఉద్యోగ జీవితమంతా ఆ మూడింటి చుట్టూనే తిరిగింది. పలమనేరు మేడమ్ గారు చెప్పిన రెండు సంగతులూ వాటిలోకే వస్తాయి.

కొనుగోలు విషయంలో మీకు ఉపయోగపడేవి చెబుతాను. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ పిల్లల తెలుగు పుస్తకాలను తక్కువ ధరలకు ప్రచురిస్తుంది. 1957లోనే ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ ఉన్నాయి. బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ తన పుస్తకాలను ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలుగా విభజిస్తుంది. మొదటి స్థాయి అప్పుడప్పుడే చదవడం మొదలుపెట్టిన పిల్లలకు, నాలుగోది ధారాళంగా చదివేవారికి. మీ బడులకు మొదటి రెండు స్థాయిలవి సగానికి పైగా, మూడో స్థాయివి కొంత, నాలుగోవి చాలా కొద్దిగా తీసుకోమని నా సలహా. అదే సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి వాటిని మనం అచ్చు వేసుకోవడానికి అనుమతి ఉంది. రంగుల్లో అచ్చు వేయించి కుట్టిస్తే ఒక్కోసారి కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది కనుక, బయట దొరకని కథలకే ఆ దారి పట్టండి.

రవాణాకు తపాలా శాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే సేవను నడుపుతున్నది. చదువుకు సంబంధించిన పుస్తకాలను 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, 5 కిలోల వరకు 100 రూపాయలకు పంపవచ్చు, పన్నులు అదనం. నేల మార్గంలోనే వెళ్తుంది కనుక కొంత ఆలస్యం ఉంటుంది. అచ్చు పుస్తకాల మీద జి.ఎస్.టి. లేదు, ఎవరైనా బిల్లులో వేస్తే ప్రశ్నించండి.

పుత్తూరు దగ్గర పొదుపు సంఘం సభ్యురాలు:

నేను పెద్దగా చదువుకోలేదు. మా అమ్మాయి చేత రాయిస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మా ఊరి బడికి పుస్తకాలు ఇచ్చినవాళ్ళు ఒక మంచి పని చేశారు. బడి గోడకు రెండు మేకులు కొట్టి, బట్టలారేసే దండెంలాగా తాడు కట్టి, పుస్తకాలను పిల్లల చేతికి అందే ఎత్తులో వేలాడదీశారు. అట్ట మీది బొమ్మ కనబడుతుంది గనుక పిల్లలు తమకు నచ్చినది తామే తీసుకుంటారు. శనివారం ఒకటి ఇంటికి తెచ్చుకుని సోమవారం తిరిగి ఇవ్వాలి. మా చిన్నది మొదటి వారమే ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం తెచ్చి, రాత్రి వాళ్ళ అవ్వకు చదివి వినిపించింది. అవ్వకు కళ్ళు సరిగా కనబడవు. “మళ్ళీ చదవవే” అని మూడుసార్లు చదివించుకుంది.

మా పక్క ఊళ్ళలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. బకాసురుడి బండి ఊరేగింపులో వెనకాల పరుగెత్తని పిల్లలుండరు. ఆ కథ బొమ్మలతో ఉన్న పుస్తకం ఒకటి వస్తే, చదవడం రాని పిల్లవాడు కూడా దాన్ని పట్టుకుని పేజీ తిప్పుతూ కథంతా చెప్పేశాడట. రెండు నెలలకు అందులోని మాటలు నిజంగానే చదివాడని టీచరమ్మ చెప్పింది. తెలిసిన కథలు కూడా నాలుగు కొనండన్నా.

పుస్తకం చిరిగితే కొడతారేమోనని మా ఇంటి పక్క బాబు తెచ్చుకోవడమే మానేశాడు. చిరిగినా ఏమీ అనరని పిల్లలకు ముందే చెప్పించండి.

తిరుపతి విద్యార్థి బృందం:

పైన చెప్పినవన్నీ అంగీకరిస్తూనే ఒక విషయంలో నా అభిప్రాయం వేరుగా చెప్పాలనుకుంటున్నాను. కొత్తవి కొనడమే మార్గమన్నట్టు చర్చ సాగుతున్నది. మేము విశ్వవిద్యాలయ విద్యార్థులం. మా దగ్గర డబ్బు లేదు. ఇళ్ళ నుంచి పాత పుస్తకాలు సేకరించాం. అపార్టుమెంట్లలో పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటక మీద పడి ఉన్న బొమ్మల పుస్తకాలు చాలా మంచి స్థితిలో దొరికాయి. అయితే వచ్చిన వాటిలో దాదాపు మూడొంతులు పాత గైడ్లూ పత్రికలే. వాటిని వేరుచేసి తూకానికి వేయడానికే రెండు ఆదివారాలు పట్టింది. ఆ శ్రమ పడగలిగితేనే సేకరణ పెట్టుకోండి; వచ్చినదంతా అలాగే బడికి చేర్చడం మాత్రం దయచేసి చేయవద్దు. మాకు డబ్బుకంటే ఎక్కువ ఉపయోగపడింది మా సమయం. వారానికి ఒక గంట ఇద్దరం వెళ్ళి పిల్లల మధ్య కూర్చుని బిగ్గరగా చదివాం. మేము చదివిన పుస్తకం కోసమే మరునాడు పోటీ పడేవారని టీచరు చెప్పారు.

విశ్రాంత ఉపాధ్యాయిని, పలమనేరు:

బాబూ, ఆ గంట విలువ చెప్పనలవి కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అన్ని తరగతులనూ ఒక్కరే చూసుకుంటూ ఉంటారు. పక్కన కూర్చుని చదివి వినిపించే మనిషి దొరకడం వారికి ఎంత ఊరటో నాకు తెలుసు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంవారు అన్ని స్థాయిల పిల్లలూ ఒకే గదిలో ఎవరి వేగంతో వారు నేర్చుకునేలా కార్డుల పద్ధతి రూపొందించింది కూడా ఇలాంటి బడులను చూసే.

అలిపిరి వీధి నివాసి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ శనివారం మేము నలుగురం రెండు బడులకూ వెళ్ళి, పుస్తకాల మాట తరువాత, ముందు పిల్లలు ఎలా చదువుతున్నారో చూస్తామని అడిగాం. ఒక బడిలో మూడో తరగతి వారిలో సగం మంది ద్విత్వాల దగ్గరే ఆగుతున్నారు. రెండో బడిలో పని కోసం వచ్చిన తమిళ కుటుంబాల పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు. ఇవేవీ తెలియకుండా కొని ఉంటే పలమనేరు అమ్మ చెప్పిన అట్టపెట్టెలే మళ్ళీ తయారయ్యేవి.

డబ్బునంతా ఒకేసారి ఖర్చు చేయకూడదని నిర్ణయించుకున్నాం. జూలైలో 22,000 రూపాయలతో మొదటి విడత కొని, ఏ పుస్తకాలు ఎక్కువ నలిగాయో డిసెంబరులో చూసి, మిగిలిన డబ్బుతో అలాంటివే మరిన్ని తెస్తాం. కమిటీ తీర్మానానికి ఇద్దరు ప్రధానోపాధ్యాయులూ ఒప్పుకున్నారు. మా వీధిలోని ఇద్దరు గృహిణులు, ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి శుక్రవారం గంట చొప్పున వంతులు వేసుకున్నారు. తాడు, మేకులు ఇప్పటికే కొన్నాం. పుత్తూరు అక్కయ్యా, ఆ దండెం నేల నుంచి ఎంత ఎత్తులో కట్టారో కొలిచి చెప్పగలరా?

పుత్తూరు దగ్గర పొదుపు సంఘం సభ్యురాలు:

ఈరోజే మా అమ్మాయిని పంపి చూపించానన్నా. ఒకటో తరగతి పాప భుజం ఎత్తులో ఉంది, రెండున్నర అడుగులు. తాడు నైలానుది కట్టండి, కొబ్బరి తాడు వానాకాలంలో సాగి పుస్తకాలు నేలకు తగిలాయి.