రికార్డింగు ఫోన్లకు ఓటు మారుతుందా?

బ్రాడీపేట ప్రెస్సు:
గుంటూరులో ముప్పయ్యేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతున్నాను. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీ కరపత్రం, సాయంత్రం అదే మిషను మీద దానికి జవాబు. అవి చదివి ఓటు మార్చుకున్న మనిషి నాకింతవరకు తారసపడలేదు. 2024 మే 13 పోలింగుకు ముందు మా నాన్నగారికి రోజూ నాయకుడి గొంతుతో రికార్డింగు ఫోన్లు. ఆయన "చెప్పండి బాబూ, బాగున్నారా?" అని మర్యాదగా బదులిచ్చేవారు. అది రికార్డు అంటే వినరు. ఓటు మాత్రం ఎప్పుడూ వేసే గుర్తుకే వేశారు. మరి పార్టీలు ఇంత డబ్బు ఎందుకు పోస్తున్నాయి?

పటమట మాస్టారు:
ఆ ఫోన్లు ఓటు మార్చడానికి కాదండీ. తమవాడు మే ఎండలో క్యూ దాకా కదలాలి, అంతే. ఇంకొకటి, ఎన్నిక దేని మీద జరగాలో తేల్చేదీ ప్రచారమే. రామారావుగారు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి మా వీధిలో టీవీ లేదు. చైతన్యరథం మీద నుంచి వినిపించినవాటిలో మాకు నిలిచినవి రెండే: తెలుగువారి ఆత్మగౌరవం, రెండు రూపాయలకు కిలో బియ్యం. నాన్నకు మొదటిది పట్టుకుంది. అమ్మ బియ్యం డబ్బా మూత తీసి, నెలకెంత మిగులుతుందో వేళ్ల మీద లెక్క కట్టింది. ఇద్దరి ఓటూ ఒకటే, కారణాలు వేరు.

వన్‌టౌన్ కోడలు:
మాస్టారూ, ఇప్పుడు రథం కన్నా బాబాయి ప్రమాదం. పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందే మైకులు ఆగాయి, మా కుటుంబం వాట్సాప్ ఆగలేదు. పోలింగు రోజు పదకొండింటికి బాబాయి పంపారు: "మన బూత్‌లో యంత్రం చెడింది, సాయంత్రం వెళ్లండి." అత్తయ్య కట్టిన చీర మార్చుకుని పడుకున్నారు. నేను వెళ్లి చూస్తే యంత్రం నిక్షేపంగా ఉంది, క్యూలో పదిమంది కూడా లేరు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే బాబాయికీ తెలియదు. పార్టీ కరపత్రాన్నయితే అత్తయ్య అల్మరా అరలో పరుస్తారు. బాబాయి మాట కదా, నమ్మారు.

బ్రాడీపేట ప్రెస్సు:
అమ్మా, మా కరపత్రం అడుగున ముద్రించినవారి, వేయించినవారి పేర్లు, చిరునామాలు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద ఆరు నెలల దాకా జైలు. ఆ ఒక్క వరుస కోసం ప్రతిసారీ ప్రూఫు రెండుసార్లు చూస్తాను. మీ బాబాయి పంపినదానికి అడుగు వరుసే లేదు.

మాస్టారు చెప్పింది ఇంట్లో చదివి వినిపించాను. నాన్నగారు అంతా విని, "అదంతా సరేగానీ, ఓట్లయ్యాక ఆయన మళ్లీ ఒక్కసారీ ఫోను చేయలేదేమిరా?" అన్నారు.