వాషింగ్ మెషిన్‌లో నీళ్లు వేడెక్కట్లేదు, కంట్రోల్ బోర్డు మార్చాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మాది ఏడేళ్ల నాటి ఫ్రంట్ లోడ్ మెషిన్, ఉండేది హైదరాబాద్‌లో, వాడేది బోరు నీళ్లే. పది రోజులుగా 60 డిగ్రీలు పెట్టినా, సగం ఉతుకు అయ్యాక తలుపు అద్దం మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంటోంది, వంటింటి గుడ్డల జిడ్డు అస్సలు వదలట్లేదు. ఎర్రర్ కోడ్ ఏమీ రావట్లేదు. డ్రమ్ము తిరుగుతోంది, ఎంసీబీ కూడా పడట్లేదు.

వచ్చిన మెకానిక్ వెనక మూత కూడా విప్పకుండా బోర్డు మార్చాలి, ఏడు వేలవుతుంది అన్నాడు. ఒళ్లు మండి, ప్లగ్ పీకేసి నేనే విప్పాను. హీటర్ వైర్లు తీసి రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెడితే 27 ఓమ్స్ చూపించింది. దాని మీద 2000 వాట్స్ అని ఉంది కాబట్టి లెక్క సరిపోయినట్టే, అంటే హీటర్ బాగున్నట్టే కదా? బయటికి లాగితే సున్నం కొట్టినట్టు తెల్లగా గారపట్టి ఉంది, గోటితో గీకితే పెచ్చులు ఊడాయి, కానీ గార వల్ల వేడెక్కడం ఆలస్యమవ్వాలి గానీ అసలే వేడెక్కకపోవడం ఏంటి? నీళ్ల వేడిని కొలిచే ఎన్‌టీసీ సెన్సార్‌ని గ్లాసుడు వేడినీళ్లలో ముంచితే ఓమ్స్ తగ్గాయి, అంటే అదీ బాగున్నట్టే.

ఇక మిగిలింది బోర్డు మీద హీటర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలేనా? కరెంటు ఉండగా కొలవాలంటే నాకు భయం, వేరే దారి ఉందా? రిలే ఒక్కటే మార్పించినవాళ్లు ఎవరైనా ఉంటే ఎంతయిందో చెప్పండి ప్లీజ్.